చెరువు అవతలి గవి

మొన్న మా మనవరాలు ఫోనులో పచ్చటి కొండలూ, మంచు కమ్మిన చెరువూ చూపించి, ఇది కేరళే కదా జేజీ అని అడిగింది. కాదే, ఒమాన్ అన్నాను. ఇంట్లోవాళ్ళంతా ఒకటే నవ్వు. ఎడారిదేశంలో అడవేమిటి, జేజికి మతి తప్పుతోంది అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ అడవిలో నా కాళ్ళతో నడిచినదాన్ని నేను, అదీ పని పోతుందన్న భయంతో. నాలాగా గల్ఫుకు పోయి ఇళ్ళల్లో చాకిరీ చేసి వచ్చిన ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు కదా, నమ్మితే మీరే నమ్మాలి.

అప్పట్లో మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో ఒక ఇంట్లో ఉండేదాన్ని. యజమాని తల్లిని చూసుకోవడమే నా పని. ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని, అర్థం తెలియకపోయినా పలికేది. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళు అరిగిపోయాయి, మరుపు కూడా మొదలై, గదిలోంచి స్నానానికి పోవాలన్నా నేనే చెయ్యి పట్టుకుని నడిపించాలి. దక్షిణాన సలాలా కొండల్లో ఆవులు కాసుకునేవాళ్ళ ఇంట పుట్టి, పెళ్ళయ్యాక మస్కట్ చేరిందట. పుట్టినచోటు ఒక్కసారి చూడాలని ఎప్పుడూ అదే పాట. ఆ ఏడు వానలకు అందరం సలాలా బయల్దేరుతుంటే, అమ్మను ఇక ఇంత దూరం తిప్పలేను, ఇదే ఆఖరుసారి, అక్కడ చాప పరిచి కూర్చోబెట్టాక ఆమె లేవకూడదు, పడిందో నిన్ను ఊరికి పంపేస్తాను అని యజమాని నాకు తెగేసి చెప్పాడు. ఇక్కడ నా ఇద్దరు ఆడపిల్లల చదువు ఆ జీతం మీదే నడుస్తోంది.

పొద్దంతా కారులో ఎడారే. మా రాయచోటి గుట్టలే నయమనిపించింది, చెట్టూ లేదు చేమా లేదు. సలాలా దగ్గరపడి కొండ మీదికి రాగానే అద్దాల మీద తుంపర పడింది, చూస్తుండగానే మబ్బు కారును మింగేసింది. మర్నాడు దర్బాత్ లోయలో దిగితే, అబ్బబ్బ, ఏమని చెప్పేది! కొండల నిండా పచ్చదనం, కొమ్మల నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారే మేడిచెట్లు, మన చింతచెట్లు కూడా, వాటి నడుమ చప్పుడు లేని పెద్ద చెరువు. వాన కోసం ఆకాశం వంక చూసిచూసి మెడలు పట్టేసిన సీమ మనిషిని, నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఇన్ని నీళ్ళు చూసి ఏడుపొచ్చిందంటే సిగ్గేమీ లేదు.

యజమాని పిల్లల్ని తీసుకుని జలపాతం వైపు వెళ్ళగానే, చాప మీది పెద్దమ్మ కర్ర పట్టుకుని లేచింది. "తాలీ" అంది, రమ్మని. "వద్దు పెద్దమ్మా, నీకు దండం పెడతా, నా పొట్ట కొట్టొద్దు" అన్నాను తెలుగులోనే. వింటేనా! ఒంటరిగా వదలలేక చెయ్యి పట్టుకుని వెంట నడిచాను. గట్టు వెంబడి చదునుదారే, చంటిపిల్లలైనా నడవగలరు, కానీ బురద. మా ఊళ్ళో లాగే బురద తప్పించుకుందామని గడ్డి మీద కాలు పెట్టానో లేదో, సర్రున జారి కూలబడ్డాను. పడకుండా కాపాడవలసినదాన్ని నేను, పడ్డదాన్నీ నేనే. పెద్దమ్మ కిసుక్కున నవ్వి, ఆవుల గిట్టలు దిగిన గుంటలను కర్రతో చూపించింది. బరువైన పశువు రోజూ తొక్కిన చోటే నేల గట్టిగా ఉంటుందట. అక్కడి నుంచి ఆమె ముందు, నేను వెనక. మంచు దిగి పది అడుగుల దూరం కనబడడం లేదు, నాకు ఎటు వచ్చామో తెలియదు. ఇంట్లో గది గుమ్మం మరిచిపోయే మనిషి, ఒక్కచోట కూడా తడబడకుండా, చెట్లను తడుముకుంటూ నన్ను అవతలి గట్టుకు తీసుకుపోయింది.

అక్కడ కొండ అడుగున ఒక గవి ఉంది, రాతి గుహ. కప్పంతా పొయ్యి పొగకు నల్లబడి ఉంది. వానల్లో పశువులతో సహా అందులోనే కాపురమట. దూడలు కట్టిన చోటు, తల్లి వండిన చోటు వేలితో చూపించి, తన పొట్ట తడిమి, నేల తాకింది. అక్కడే పుట్టిందన్నమాట.

అంతలో బురదలో మా అడుగులు పట్టుకుని యజమాని కేకలు వేస్తూ పరిగెత్తుకొచ్చాడు. అయిపోయింది, టికెట్టు చేతికొచ్చినట్టే అనుకున్నాను. తల్లి అతని చెయ్యి లాగి ఆ మసి మీద ఆనించి, నేను పుట్టింది ఇక్కడ అంది. ఏటేటా ఆ లోయకు వస్తున్న మనిషి, నిలువునా నీరైపోయాడు. ఈ చోటేనని ఎప్పుడూ చెప్పలేదేమని అడిగాడు. నువ్వు అడిగితే కదా అంది పెద్దమ్మ. నన్ను ఊరికి పంపే మాట మళ్ళీ ఎత్తలేదాయన.

మరుసటి వానలకు పెద్దమ్మ లేదు, నన్ను ఇంటిపనికి ఉంచుకున్నారు. సలాలా వెళ్ళినప్పుడు యజమాని నన్ను పిలిచి, "తూ ఆగే చల్" అన్నాడు, నువ్వు ముందు నడవమని. కడుపున పుట్టిన కొడుకు తల్లి పుట్టినచోటు చూడడానికి పనిమనిషి వెనక తలవంచుకుని నడిచాడు. పిల్లలు బురదని కారు దిగలేదు. ఇప్పుడు వాళ్ళకూ పిల్లలు పుట్టి ఉంటారు, ఆ పచ్చదనం చూడడానికి వస్తూనే ఉంటారు. ఏ చింతచెట్టు దగ్గర తిరగాలో, ఎక్కడ తల వంచి దూరాలో నేను ఇప్పటికీ చెప్పగలను. కానీ వాళ్ళ అవ్వ ఎక్కడ పుట్టిందో నన్ను అడిగేవాళ్ళెవరు?