అంజన్న ముంగిట్లో గడ్డి

అంజన్నను ఎవరైనా ఎక్కిరించబోతే ఆ పని ఆయనే ముందు కానిచ్చేస్తాడు. ఎదుటివాళ్లకు ఆ శ్రమ ఎందుకని. "ముప్పై నాలుగేండ్లు భూమి కింద పనిజేసిన. గిప్పుడు భూమి మీద జానెడు గడ్డి మొలిపియ్య శాతనైతలేదు" అంటాడు. మందమర్రిలో బొగ్గు బాయి దిగిన మనిషి. రిటైరయ్యాక లక్సెట్టిపేటలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి ముందు పదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు జాగా మిగిలింది. ఈ కథంతా ఆ జాగాదే.

అందులో పుంటికూర, పచ్చిమిర్చి, నాలుగు వంకాయ చెట్లు పెడదామంది భార్య చంద్రవ్వ. అంజన్న గడ్డి వేస్తానన్నాడు. చంద్రవ్వ చాటలో బియ్యం ఏరుతున్నదల్లా ఆపి మొగుడి ముఖం చూసింది.

"మీ బాపు జన్మంత చేన్ల గడ్డి పీకిండు. నువ్వు కొన్కచ్చి పెడ్తవా?"

అంజన్న పట్టు విడవలేదు. కారణం ఉంది గానీ చెప్పుకోవడానికి సిగ్గు.

బాయిలో చేరిన కొత్తలో క్వార్టర్ కోసం అర్జీ పట్టుకొని తోటి పనివాడు రాములుతో కలిసి పెద్దసారు బంగ్లాకు పోయాడు. బంగ్లా ముందు దుప్పటి పరిచినట్టు పచ్చటి గడ్డి. ఇద్దరూ అప్పుడే డ్యూటీ దిగి వచ్చారు, కాళ్లు గుంజుతున్నాయి. రాములు గడ్డి అంచున కాలు పెట్టాడో లేదో, తోట చూసే మాలి "ఏయ్, కాలు పెట్టకు" అని గదిమాడు. రాములు చప్పున కాలు వెనక్కి తీసుకున్నాడు. గంటసేపు కంకర మీద నిలబడ్డారు. సారు బయటికి రానేలేదు. తిరిగొస్తుంటే రాములు అన్నాడు: "నువ్వు ఇల్లు కట్టినప్పుడు గిసొంటి గడ్డే ఎయ్యి. ఇద్దరం దాని మీద పండుకుందాం. ఎవడేమంటడో సూద్దాం." నవ్వుకోవడానికి అన్న మాటే. అయినా అంజన్న సరేనన్నాడు, అన్నది మరిచిపోలేదు.

ఇప్పుడు రాములు కూడా రిటైరవుతున్నాడు. బాయిలో పైకప్పు కూలినప్పుడు విరిగిన కాలు ఈడ్చుకుంటూ, చంద్రాపూర్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నాడు. పోయేముందు ఒక ఆదివారం వచ్చి పోతానని ఫోన్ చేశాడు. చేతిలో నెలన్నర ఉంది. అప్పటికి గడ్డి పచ్చగా ఉండాలి. అంజన్నకు కావలసింది అదొక్కటే.

మిరుగు కార్తె దాటినా వాన జాడ లేని రోజుల్లో మంచిర్యాల నర్సరీ నుంచి ట్రాలీ ఆటోలో గడ్డి దిగింది, చాపలు చుట్టినట్టు చుట్టలు చుట్టి. నర్సరీ నడిపే అరుణ్‌కుమార్ మర్యాదస్తుడు, అన్నీ విడమరిచి చెప్పాడు. "రోజు పొద్దుగాల మన్ను తడిసేదాక నీళ్లు కొట్టుండ్రి. నీళ్లు నిలవొద్దు. నెల దాక యూరియా ముచ్చటే వద్దు. ఇరవై రోజులు ఎవలు తొక్కొద్దు. నాలుగు వేళ్ల ఎత్తు పెరిగినంక పైపైన కొయ్యిండ్రి, మొదలంట కోస్తే ఎండుతది."

అంజన్న తలూపాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని లోపల అనుకున్నాడు. వరి పండించిన ఇంట్లో పుట్టినవాడికి గడ్డి గురించి పాఠమా? వరి మాత్రం గడ్డి జాతి కాదా? జాగా చుట్టూ ఒడ్డు వేశాడు. మోటారు పెట్టి గడ్డి మునిగేదాకా నీళ్లు పారించాడు. మూడో రోజు లుంగీ ఎగ్గట్టి, మడిలో దిగినట్టే దిగి, పిడికిళ్లతో యూరియా చల్లాడు. వారం తిరిగేసరికి గడ్డి పసుపు రంగుకు తిరిగింది, పది రోజులకు చీపురు పుల్లల్లా అయింది. ఆ నీళ్లలో కప్పలు మాత్రం సుఖంగా కాపురం పెట్టాయి.

చంద్రవ్వ గడప మీద నిలబడి చూసింది. "నాటు మంచిగ పడ్డది. కోతలెప్పుడు?"

అంజన్న మళ్లీ మంచిర్యాల బస్సెక్కాడు.

"యూరియా ఏసిండ్రా?" అని అడిగాడు అరుణ్‌కుమార్.

"జర."

"జరంటే?"

"జర ఎక్కువనే."

రెండోసారి తెచ్చిన గడ్డికి అంజన్న బుద్ధిగా శిష్యరికం చేశాడు. ఒడ్లు చెక్కేశాడు. నీళ్లు ఎక్కువయ్యాయా అని పొద్దున్నే మట్టిలో వేలు గుచ్చి చూసుకున్నాడు. అయితే గడ్డితో పాటు కలుపు కూడా లేచింది. వంగడానికి మోకాళ్లు ఒప్పుకోక, కలుపు కూలికి పోయే వాడకట్టు ముసలమ్మ ఐలవ్వను పిలిచి "జర కలుపు తియ్యవ్వా" అని చెప్పి, గడ్డం గీయించుకోవడానికి పోయాడు. వచ్చేసరికి ఒక మూల నున్నగా మట్టి కనిపిస్తోంది. పీకిన గడ్డి గోడ వారన కుప్పగా ఉంది. మట్టి నడుమ గంగవాయిలి కూర మొక్కలు మాత్రం భద్రంగా నిలబడి ఉన్నాయి.

"గడ్డంత తీస్తున్న కొడుకా. కూర ఉంచిన, పప్పుల ఏసుకోండ్రి" అంది ఐలవ్వ, అంజన్న తల్లి కూడా మెచ్చుకునేంత శుభ్రంగా పని చేసిన తృప్తితో.

అంజన్న ఆమె కూలి లెక్కపెట్టి ఇచ్చాడు. తప్పు ఆమెది కాదు. ఈ ఇంట్లో పీకేసేదే పంట అని ముందుగా చెప్పని తనది. ఆ పూట గంగవాయిలి పప్పు తిన్నాడు. బాగుందని కూడా అన్నాడు, అనక తప్పలేదు.

మరునాడు పీకిన గడ్డిని ఆ మూలనే మళ్లీ నాటుకున్నాడు. ఆ తర్వాత ఎవరినీ నమ్మలేదు. చుట్టూ నైలాన్ తాడు కట్టాడు. 'గడ్డిపై కాలు పెట్టరాదు' అని అట్ట మీద రాసి కట్టెకు తగిలించాడు. పొద్దంతా కుర్చీ వేసుకొని కావలి కాశాడు. పాలవాడిని కసిరాడు, కోళ్లను తరిమాడు, చంద్రవ్వ బట్టలారేయడానికి అటుగా వస్తే గోడ పొంట తిరిగి రమ్మన్నాడు. నాలుగు వేళ్ల ఎత్తు పెరగగానే ఆమె కుట్టు కత్తెర తీసుకొని మోకాళ్లు మొత్తుకుంటున్నా గొంతుక్కూర్చుని పైపైన కత్తిరించాడు. "బాయిల గింత భయంతోని పనిజేసి ఉంటే మేనేజర్‌నైతుంటి" అని తనలో తానే నవ్వుకున్నాడు. గడ్డి మాత్రం నిజంగానే పచ్చబడింది.

ఆదివారం రాములు వచ్చాడు. గడ్డి వేసి పద్దెనిమిది రోజులు. గేటు తీసుకొని లోపలికి వచ్చి, పచ్చగా పరుచుకున్న దాన్ని చూసి ముఖం నిండా నవ్వాడు. చెప్పులు విడిచాడు. తాడు దాటడానికి మంచి కాలు ఎత్తాడు.

"ఏయ్, కాలు పెట్టకు" అన్నాడు అంజన్న.

అనాలని అనలేదు. పది రోజులుగా నోటికి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది. రాములు చప్పున కాలు వెనక్కి తీసుకున్నాడు, ఆనాడు తీసుకున్నట్టే. అప్పుడు అట్ట చదివాడు. ఏమీ అనుకోకుండానే గోడ పట్టుకొని, కుంటి కాలు ఈడ్చుకుంటూ అంచు వెంబడి మెట్ల దాకా నడిచాడు.

"మంచిగున్నది రా అంజన్నా" అన్నాడు మెట్టు మీద కూర్చుంటూ. అందులో ఎత్తిపొడుపు ఇసుమంతైనా లేదు. ఆ మాలి ముఖం అంజన్న ఎప్పుడో మరిచిపోయాడు, గొంతు మాత్రం తన నోట్లోనే ఉండిపోయింది.

లేచి పోయి అట్ట పీకి గోడ అవతల పారేశాడు. తాడు తెంపాడు. గడ్డి నడిమధ్యకు వెళ్లి, కొత్త చొక్కాతోనే వెల్లకిలా పడుకున్నాడు. గడ్డి తడిగా ఉంది, వీపుకు గుచ్చుకుంటోంది కూడా.

"రా రా రాములు. నువ్వు పండుకోవాల్నని ఏసిన."

రాములు మెల్లగా లేచి వచ్చి, అంజన్న చెయ్యి పట్టుకొని కిందికి వంగి, పక్కనే ఒరిగాడు. కుంటి కాలు చాపుకోవడానికి ఇద్దరూ కాస్త అటూ ఇటూ జరిగారు. చంద్రవ్వ చాయ్ గ్లాసులతో వాకిట్లోకి వచ్చి, గోడ పొంట తిరగబోయి, ఆగి, గడ్డి మీదుగానే నడిచొచ్చింది.

"మాలి మళ్ల ఏయ్ అని ఒర్రుతడేమో రా" అన్నాడు రాములు, మబ్బులు చూస్తూ.

"ఒర్రడు" అన్నాడు అంజన్న. "వాణ్ణి ఇయ్యాల్నే పనిలకెల్లి తీసేసిన."