అక్షరాల వెనక ముఖం

మొన్న మా నర్సీపట్నంలో కొత్తగా తెరిచిన బట్టల కొట్టుకి వెళ్తే, ముందు నిలువెత్తు గాజు పలక ఒకటి పెట్టారు; దాని మీద అక్షరాలు కదులుతుంటాయి, వాటి సందుల్లోంచి వెనకున్న పట్టుచీరలూ కనబడుతుంటాయి. జనం ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు. కొట్లో పనిచేసే అమ్మాయి "ఇది కొత్తగా వచ్చిందండి, మీరెక్కడా సూసుండరు" అంది. చూశానమ్మా, మా బావగారు ఇంట్లోనే చేశారు అంటే, పెద్దావిడ ఏదో అంటోందిలే అన్నట్టు నవ్వి ఊరుకుంది. ఆ పిల్ల నమ్మకపోతే పోయింది, నా ఈడువాళ్ళు మీరు నమ్ముతారని మీకు చెబుతున్నాను.

మా అక్కకి యాభై దాటాక పెద్ద జ్వరం వచ్చి, పోతూ పోతూ రెండు చెవులూ పట్టుకుపోయింది. మిషన్లు పెట్టినా లాభం లేకపోయింది. నేనప్పుడు కోటవురట్లలో టైపిస్టుని. ప్రతి ఆదివారం షేర్ ఆటో ఎక్కి నర్సీపట్నంలో అక్క ఇంటికి వచ్చి, చెప్పదలచుకున్నదంతా నోటుపుస్తకంలో రాసి చూపించేదాన్ని. ఆవిడ తల వంచుకుని చదివేది, తలెత్తేసరికి నేను తర్వాతి ముక్క రాయడానికి వంగి ఉండేదాన్ని. ఇలా రెండేళ్ళు గడిచాక ఒకరోజు ఆ పుస్తకం పక్కకి తోసేసి, "అచ్చరాలు సూస్తే నీ మొకం అగుపడదు, మొకం సూస్తే అచ్చరాలు అగుపడవు, నాకొద్దే ఈ గొడవ" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎవరొచ్చినా గదిలోంచి రావడం మానేసింది. పోయినవి చెవులే, మాట కాదు, అయినా రోజుల తరబడి నోరు విప్పేది కాదు. మా అక్క బతికుండగానే మాకు దూరమైపోతోందని నాకు భయం పట్టుకుంది.

బావగారు బస్టాండు దగ్గర టీవీలు బాగుచేసేవారు. అక్క అన్న ఆ మాట మనసులో పెట్టుకుని, నెల తిరక్కుండా పాత కంప్యూటర్ మానిటర్ ఒకటి ఇంటికి తెచ్చి, దుప్పటి పరిచి విప్పడం మొదలుపెట్టారు. ఎల్‌సీడీ తెర దానంతటదే వెలుగుతుందనుకుంటాం గానీ, అది ఒట్టి గాజు పలకేనట. వెలుగంతా వెనకున్న దీపాలదీ, తెల్ల రేకులదీ. అవి పక్కకి తీసేస్తే, తెర తెల్లగా ఉన్న చోటల్లా అవతలి మనిషి కనబడతాడు, నల్ల అక్షరం మాత్రం నల్లగానే నిలుస్తుంది. అంచున వేలాడే పల్చటి రిబ్బన్ తెగిందంటే పలక పనికిరాదు కనుక, ఆయన ఊపిరి బిగబట్టి నాలుగు ఆదివారాలు ఆ పని మీదే కూర్చున్నారు.

అంత శ్రమనీ నేను ఒక్క మధ్యాహ్నంలో మట్టిపాలు చేయబోయాను. పలక కాస్త మసగ్గా ఉంది కదా, పైనున్నది కొత్త ఫోనుకి అంటించి వచ్చే పొర లాంటిదే అనుకుని, ఆయన భోజనానికి లేచినప్పుడు తడిగుడ్డతో నానబెట్టి ఓపిగ్గా ఒలిచేశాను. అక్షరాలన్నీ మాయమై ఒట్టి గాజు మిగిలింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బావగారు చెయ్యి కడుక్కుని వచ్చి చూసి, "ఏటమ్మా, తొక్క తీసీసినావా" అని మాత్రం అన్నారు. అక్షరాలు కంటికి కనబడేది ఆ పొర వల్లేనట; దాన్నే ఎత్తి పలక ముందు పట్టుకుంటే అవి తిరిగొచ్చాయి. అడ్డంగా తిప్పితే చుట్టూ నలుపూ మధ్యలో తెల్ల అక్షరాలూ, నిలువుగా తిప్పితే మళ్ళీ మామూలే. నాలుగు మూలలా సెల్లో టేపు వేసి అంటించేశారు. తిట్టవలసిన చోట తిట్టని ఆ మనిషిని తలుచుకుని ఈనాటికీ దండం పెట్టుకుంటాను.

అవతలి మనిషి మీద బాగా వెలుగు పడితేనే కనబడతాడట, అందుకని నన్ను వాకిట్లో ఎండలో స్టూలు వేసి కూర్చోబెట్టి, పలకని గుమ్మంలో నిలబెట్టి, అక్కని బతిమాలి లోపలి వైపు కూర్చోబెట్టారు. పలకకి తగిలించిన పాత కంప్యూటరు కీబోర్డు నా ఒళ్ళో ఉంది. నా వైపు నుంచి అక్షరాలు తిరగబడి కనబడతాయి గానీ, టైపిస్టుకి వాటిని చూడవలసిన పనేముంది? చెమటలు కారుతుంటే అక్క వైపే చూస్తూ, కనబడుతున్నానా అక్కా అని కొట్టాను. అక్క ముందుకి వంగి, అక్షరాల సందుల్లోంచి నన్ను ఎగాదిగా చూసింది. బావగారు స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. అప్పుడంది అక్క, "జుత్తంతా అలా నెరిసిపోయిందేటే నీకు? ఒంట్లో బాగుందా?" నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే జవాబు టైపు చేశాను, ఎన్ని తప్పులు పడ్డాయో ఆవిడకే తెలియాలి. ఆ రోజు నుంచి గది వదిలి బయటికొచ్చింది; ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూడా వంతులవారీగా వచ్చి ఎండలో కూర్చుని చెబితే, పక్కన కూర్చుని నేను కొట్టేదాన్ని.

బావగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆ పలక ఏదో వానాకాలంలో చెమ్మకి పాడైంది, బాగుచేసే చెయ్యి మరి లేదు. ఇప్పుడు ఫోను ముందు మాట్లాడితే చాలు, తెలుగు అక్షరాలు వాటంతటవే పడిపోతాయి. టైపు రావలసిన అవసరమూ లేదు, ఎండలో మాడవలసిన అవసరమూ లేదు. అక్క ఇప్పుడు అందరితోనూ కబుర్లు చెబుతుంది, అది కనిపెట్టినవాళ్ళకీ ఒక దండం. కాకపోతే ఆవిడ తల వంచుకుని ఫోనులో నా మాటలు చదువుకుంటుంటే, నేను ఆవిడ పాపిట కేసి చూస్తూ మాట్లాడుతుంటాను.