పారబోసిన మొదటి బకెట్టు

రాయ్‌పూర్‌లో మేము కొన్న ఇంటికీ పక్కింటికీ కలిపి నీళ్ళ పైపు ఒకటే. వీధి మెయిన్ నుంచి వచ్చిన ఆ ఇనుప పైపు మురుగు కాలువ అడుగునుంచి దాటి, మా ప్రహరీ దగ్గర రెండుగా చీలి, ఒక పాయ మాకూ ఒక పాయ వాళ్ళకూ వెళ్ళేది. ఇల్లు కొనేటప్పుడు గాలి చూశాను, వెలుతురు చూశాను. రోజూ తాగబోయే నీళ్ళు ఏ దారిన వస్తాయో మాత్రం చూడలేదు.

పక్కింటాయన పండరీ అనే పేటలోని బట్టల బజారులో ఒక టోకు దుకాణంలో తానులు విప్పి చూపించే పని చేసేవాడు. నాకంటే పెద్దవాడు. అయినా నన్ను భైయా అనేవాడు. ఆయన భార్య, కొడుకు, కొత్తగా వచ్చిన కోడలు, అంతే ఇల్లు. మాది శ్రీకాకుళం వైపు అని తెలిశాక, చేపలు వండినప్పుడల్లా వాసన తగిలిందని గోడ మీంచి నవ్వుతూ చెప్పేవాడు.

మొదటి ఎండాకాలం రాగానే కుళాయి ధార దారమంత అయింది. నేను ఒక చిన్న మోటారు కొని, నేరుగా ఆ పైపుకే బిగించమన్నాను. ప్లంబరు, "అందరూ పెట్టుకుంటున్నారు సార్" అన్నాడు. నాకు ఆ మాట చాలింది. పొద్దున నీళ్ళు వదిలే వేళకు మోటారు వేస్తే మేడమీద ట్యాంకు నిండేది. అంతసేపూ పక్కింటి కుళాయి బుస్సుమని గాలి పీల్చేది. ఆ చప్పుడు మా వంటింట్లోకి బాగా వినిపించేది. నేను మోటారు ఆపాక మిగిలిన కాసిని నీళ్ళు వాళ్ళు పట్టుకునేవారు.

మోటారు వేసిన కొత్తలోనే మా ఆవిడ బకెట్టు పట్టుకుని వచ్చింది.

"ఏటండీ ఈ కంపు? మురుగు నాలీ నీళ్ళలాగున్నాయి."

"తుప్పు. రాత్రంతా పైపులో నిలవుంటాయి కదా. మొదటి బకెట్టు పారబొయ్యి, తర్వాత బాగానే వస్తాయి."

"తుప్పు కంపు కొడతాదేటి? ఆఫీసులో కూడా ఫైళ్ళు ఇలాగే మూసేత్తారు కాబోలు."

మొదటి బకెట్టు పారబోయడం మా ఇంట్లో అలవాటైపోయింది. పైగా తాగే నీళ్ళకు మాకు ఫిల్టరు ఉంది. నేను మోటారు ఆపాక పైపులో మిగిలేవి ఎవరింటికి వెళ్తున్నాయన్నది నేను ఆలోచించలేదు. ఆలోచన అంచుదాకా వస్తే పక్కకు తోసేశాను అనడం ఎక్కువ నిజం.

వర్షాకాలం మొదట్లో పక్కింటి కోడలికి జ్వరం, వాంతులు వచ్చాయి. ఆ తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. అప్పటికామె నిండు గర్భిణి. కడుపుతో ఉన్నవాళ్ళకు కామెర్లు వస్తే రెండు ప్రాణాలకూ ముప్పేనని డాక్టరు చెప్పి ఆసుపత్రిలో చేర్చుకున్నాడు. కొడుకు ఆమె దగ్గర ఉండిపోయాడు. ఆ పెద్దాయన మా గుమ్మంలోకి వచ్చి, "నువ్వు చదువుకున్నవాడివి భైయా, నాతో నీళ్ళ ఆఫీసుకి రా. మా మాట వాళ్ళు వినరు" అన్నాడు.

వెళ్ళాను. అక్కడ ఆయనకంటే నేనే గట్టిగా అరిచాను. మనుషులు చచ్చిపోతే గానీ మీకు పట్టదా అన్నాను. తిరిగి వస్తుంటే దారిలో ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

మర్నాడు నీళ్ళ ఆఫీసు మనిషి వస్తాడని తెలిసి మోటారు విప్పి మంచం కింద పెట్టేశాను. అతను కాలువలో మట్టి తీయించి చూసి, అతుకు దగ్గర కారుతోందన్నాడు. రబ్బరు చుట్టి, ఇది ఇళ్ళవాళ్ళు మార్చుకోవలసిన పైపు అని చెప్పి, వెళ్ళబోతూ అడిగాడు. "లైనుకి నేరుగా మోటారు ఎవరికైనా ఉందా?"

"లేదు" అన్నాను. పక్కింటివాళ్ళు ఆ వేళకు ఆసుపత్రిలో ఉన్నారు. గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ నా వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

చిల్లుపడ్డ గొట్టంతో కొబ్బరినీళ్ళు పీల్చిన వాడికెవడికైనా అర్థమయ్యే సంగతే ఇది. పైపులో నీళ్ళ ఒత్తిడి ఉన్నంతసేపు నీరు చిల్లులోంచి బయటికి పోతుంది. ఇవతలినుంచి మోటారుతో లాగితే బయట ఉన్నది లోపలికి వస్తుంది. బయట ఉన్నది మురుగు. మోటారు కావాలంటే ముందు నేలలో తొట్టి కట్టించుకుని, నీళ్ళు వాటంతట అవి అందులో పడ్డాక అక్కడినుంచి ఎక్కించుకోవాలి. నీళ్ళు కంపు కొడితే పారబోసి ఊరుకోకూడదు, ఎందుకు కొడుతున్నాయో వెతకాలి. అప్పుడు ఈ రెండూ తెలియనివాణ్ణి కాను నేను.

కోడలు గండం గడిచి ఇంటికి వచ్చింది. కళ్ళలో పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ ఆదివారం పెద్దాయన చేతిలో సంచీతో వచ్చాడు.

"మోటారు ఎక్కడ కొన్నావు భైయా? మా ఇంటిది ఎండాకాలమంతా దాని చప్పుడు విని నన్ను పోరుతోంది. పక్కాయనకు తెలివుంది, నీకు లేదు అంటోంది. రేపు పసిబిడ్డ వస్తే నీళ్ళు ఎక్కువ కావాలి కదా. నాతో రా, నాకు వీటి సంగతి తెలియదు."

వాళ్ళకు మోటారు సంగతి ముందే తెలుసు. దానికీ జబ్బుకూ ఉన్న సంబంధమే తెలియదు. ఏదో ఒక సాకు చెప్పి పంపేస్తే ఆయన ఇంకొకరితో వెళ్ళి కొంటాడు. అదే పైపు. ఈసారి కాలువ నీళ్ళు పసిబిడ్డ ఉన్న ఇంట్లోకి నేరుగా వస్తాయి.

"కొనొద్దు" అన్నాను. ఎందుకో అడిగాడు. చెప్పాను. కంపు సంగతి, బకెట్టు సంగతి, మంచం కింద దాచిన సంగతి. ఆయన సంచీని మడతపెడుతూ విన్నాడు. మడతపెట్టడానికి ఇంక ఏమీ మిగల్లేదు, అయినా మడతపెడుతూనే ఉన్నాడు.

"ఆ రోజు ఆఫీసులో అంత అరిచావు కదా. అప్పటికి నీకు తెలుసా?"

"అనుమానం ఉంది."

"అనుమానం ఉండే అరిచావా?"

మా ఆవిడ టీ తెచ్చింది. ఆయన గ్లాసు అందుకోలేదు. "అయితే పైపు మార్పించు. బిడ్డ పుట్టేలోపల" అని లేచి వెళ్ళిపోయాడు.

మార్పించాను. రెండిళ్ళకూ వేరు వేరు పైపులు, కాలువ దాటే చోట అతుకు లేకుండా, పైన ఇంకో లావు గొట్టం తొడిగించి, మురుగు తగలని ఎత్తులో. ఆయన దగ్గరే నిలబడి పని చూశాడు. పనివాళ్ళతో మాట్లాడాడు గానీ నాతో మాట్లాడలేదు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఇక్కడ బిడ్డ పుట్టిన ఆరోనాడు, ఛఠీ రోజున, బాలింతకు కాచే మూలికల కషాయం, కాంకే పానీ అంటారు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళను పిలిచి బెల్లం వేసి పోస్తారు. మా ఆవిడను కూడా పిలిచారు. ఆ పిలుపు విని నాకు గుండె తేలికపడింది.

తిరిగొచ్చి ఆమె చెప్పులు విప్పుతూ అంది. "పిల్ల బొద్దుగా ఉందండి. కషాయం కూడా బాగా కాచేరు. నీళ్ళు అవతలి గల్లీ బోరింగునుంచట. ముసలాయనే మోసుకొచ్చాడంట."

"కొత్త పైపు వేశాం కదా?"

"ఏసేం. ఎవరేసేరో ఆయనకి తెలుసు కదా?"

ఇప్పటికీ ఆ ఇంట్లో కుళాయి నీళ్ళు గిన్నెలకూ బట్టలకూ మాత్రమే. తాగే నీళ్ళకు ఆయన సైకిలుకు డబ్బా కట్టుకుని మా గుమ్మం ముందునుంచే వెళ్తాడు. నేను బయట కనిపిస్తే బావున్నావా భైయా అంటాడు. సైకిలు మాత్రం ఆపడు.