హద్దురాయి దగ్గర కూర్చున్న ఇంగ్లీషు పంతులు

మొయినాబాద్ నుంచి వచ్చిన బండి మనిషి ఎద్దులకు నీళ్లు పెడుతూ, నోట్లో చుట్ట తీయకుండానే చెప్పాడు. "మీ ఇంగ్లీషు పంతులు పోయిండు. మొన్న పొద్దుగాల్నే మట్టి చేసిండ్రు." ఏమైందని అడిగాను. "ఏమైతది, ముసలితనం. తిని కూసున్నడు, కూసున్నకాడనే పోయిండు." నాకు వెంటనే ఏడుపు రాలేదు. మర్నాడు బడిలో పాఠం చెబుతుంటే 'ఫర్లాంగ్' అనే మాట వచ్చింది, దానితోపాటే ఏడుపూ వచ్చింది.

నేనిప్పుడు ఇంగ్లీషు చెబుతున్నది ఆయన పాఠాలు చెప్పిన చేవెళ్ల బడిలోనే. మా రోజుల్లో చదువంతా ఉర్దూలో, ఇంగ్లీషుకు రోజూ ఒక గంట. పంతులుగారు మొయినాబాద్ దగ్గర ఒక క్రైస్తవ రైతు కుటుంబంలో పుట్టి, పాదిరి దొరల దగ్గర చదువుకున్నారు. ఆ దొరల నోట విన్న పాత మాటలంటే ఆయనకు పిచ్చి. అన్నీ భూమి మాటలే, ఆ దేశంలోనే సగం మంది మరిచిపోయినవి. అవి ఈ పిల్లలకెందుకని మిగతా పంతుళ్లు నవ్వితే, "చేన్ల పుట్టిన పోరలకు చేను మాటలు చెప్పక కోట మాటలు చెప్పాల్నా?" అనేవారు.

అర్థం మాత్రం బడిలో చెప్పేవారు కాదు. చేలోకి తీసుకుపోవలసిందే. ఫర్లాంగ్ అంటే మాకు తెలిసింది రోడ్డు పక్క పాతిన రాళ్లు. ఆయన మమ్మల్ని దున్నుతున్న నాగలి వెంట నడిపించి, ఎద్దులు రొప్పి ఆగేదాకా సాగిన ఒక్క చాలు పొడవును చూపించి, అదీ ఫర్లాంగ్ అన్నారు. ఎకరం అంటే మొదట్లో ఒక జత ఎద్దులు ఒక రోజులో దున్నే నేలేనట. 'హెడ్‌లాండ్' అంటే చేను కొసన ఎద్దులను మలుపుకునే జాగా. 'ఫాలో' అంటే ఆ ఏడు విత్తకుండా పడావు పెట్టిన భూమి. 'టిల్త్' అర్థం చెప్పడానికి వాన వెలిసేదాకా ఆగి, పిడికెడు మట్టిని ముద్ద చేసి కిందికి వదిలారు. ముద్ద పొడిపొడిగా విడిపోయింది. "పదునైంది. ఇగో, ఇదే టిల్త్. రాస్కోండ్రి." మట్టి చేతులతో ఎట్లా రాసుకోవాలో ఆయనే చెప్పాలి!

ఒకరోజు 'మియర్‌స్టోన్' వచ్చింది. హద్దురాయి అని అర్థం. ఆ దేశంలో కొన్నిచోట్ల దాని కింద బొగ్గులు పూడ్చేవారని, రాయిని ఎవరైనా జరిపినా బొగ్గు కుళ్లదు కనుక అసలు జాగా తెలుస్తుందని చెప్పారు. మా తాత కూడా తన ఇద్దరు కొడుకులకు, మా బాపుకు, చిన్నాయనకు చేను పంచినప్పుడు రాయి కింద బొగ్గులు, కుండ పెంకులు వేసే పాతాడు. ఆ సంగతి చెప్పగానే పంతులుగారి కళ్లు మెరిశాయి. "నడువుండ్రి, చూద్దాం!"

ఇంగ్లీషు మాటకు అర్థం చూపించడానికి ఒకరి హద్దురాయి పీకించిన పంతులు ఈ చుట్టుపక్కల ఇంకొకరు ఉండరు. తరగతి అంతా కలిసి తవ్వాం. బొగ్గులు నిజంగానే దొరికాయి. ఆ సంబరంలో తలా ఒకటి పట్టుకుని రాయి మీద ఇంగ్లీషు అక్షరాలు రాశాం. తీరా మళ్లీ పాతబోతే, గుంత ఎడ్లబండి పట్టేంత వెడల్పైంది. రాయి ఎక్కడుండేదో ఎవరికీ తెలియదు.

చిన్నాయన పరుగున వచ్చాడు. "రాయి గీడ గాదు, ఇంక అటు ఉండె!" అని మా చేను వైపు అడుగులు వేశాడు. బాపు పోయి అప్పటికి ఏడాది కాలేదు. మా అమ్మ, మేము పిలిచేది అవ్వ అని, గుంత పక్కన కూలబడింది. "పంతులూ, నా కొంప ముంచితివి గద! మొగడు లేనిదాన్ని. గా రాయే నాకు దిక్కుండె. ఇగ ఏడాదికో సాలు కలుపుకుంటడు, నేనెవరికి చెప్పుకోవాలె?"

పంతులుగారు గుంతలోనే నిలబడి విన్నారు. "తప్పు నాది తల్లీ," అన్నారు. పాఠమనీ, పిల్లలనీ సాకులు చెప్పలేదు. ఇద్దరినీ ఒప్పించి రాయి పాతించేసరికి పొద్దుగూకింది. జానెడు జాగా చిన్నాయన వైపు పోయిందని అవ్వ ఇప్పటికీ అంటుంది. చివరికి ఆయన చిన్నాయనతో అన్నారు. "దీనికింద బొగ్గుల సాక్ష్యం ఖతమైంది. ఇగ నేనే సాక్ష్యం. నువ్వు నాగలి కట్టిన్నాడు వచ్చి కూసుంట."

ఊరికే అన్నారనుకున్నాం. ఏటా మృగశిర కార్తెలో మిరుగం వానలు పడగానే వచ్చేవారు. రాయికి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని, రెండు వైపులా మొదటి చాలు పడేదాకా కదిలేవారు కాదు. కొలువు మాని మొయినాబాద్ వెళ్లిపోయాక కూడా దొరికిన బండి ఎక్కి వచ్చారు. "వచ్చిండమ్మా బొగ్గు పంతులు, పహరా కాయనీకి!" అని చిన్నాయన మొదట్లో దెప్పేవాడు. తర్వాత్తర్వాత తన సద్దిమూటలో రొట్టె తుంచి పెట్టేవాడు. పంతులుగారు తింటూ, రెండు చేల నడిమి గెట్టును ఇంగ్లీషులో 'బాక్' అంటారని చెప్పేవారు. "మీ ఇంగ్లీషోళ్లకు గెట్టు పంచాయితీలుండెనా సార్?" అని చిన్నాయన అడిగితే, "లేకుంటె గిన్ని మాటలెందుకు పుడ్తయిరా!" అని నవ్వారు. హద్దు గురించి మా ఇళ్ల మధ్య మళ్లీ గొడవ రాలేదు. దానికి ఆయన ఒంటరిగా ఎండలో ఎంతసేపు కూర్చున్నారో తలచుకుంటే సిగ్గూ, ప్రేమా రెండూ కలుగుతాయి.

ఈ యేడు వాన పడ్డ తెల్లారే అవ్వ చేనుకు పోయి రాయి పక్కన నిలబడింది. కాపలా కూర్చునే పంతులుగారు లేరని భయపడుతున్నదని నాకు తెలుసు. నేనూ బడి మాని వెళ్లాను. చిన్నాయన ఎద్దులు తోలుకుని వచ్చాడు. రాయి దాకా తెచ్చి, ఆపి, వాటిని తన చేను లోపలికే జరిపి నాగలి దించాడు.

"గదేంది, గంత జాగ ఇడిసినవు?" అంది అవ్వ.

"పంతులు కాళ్లు సాపుకొని కూసునే జాగ వదినె. గక్కడ నాగలి ఎట్ల పెట్టాలె?" అని ఎద్దులను అదిలించాడు.

అవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మా జీతగాడిని పిలిచి, మన వైపు కూడా అంతే విడిచిపెట్టమంది.

ఇప్పుడు రెండు చేలల్లోనూ జొన్న మోకాలెత్తు పెరిగింది. రాయి దగ్గర ఒక మనిషి కూర్చునేంత మేర దున్నని నేల మీద పచ్చగా గడ్డి మొలిచింది.