కమిటీ ఎక్కడుంది, మాస్టారూ?

ఆఫీసు ఉత్తరాలు రాసిపెట్టే మాస్టారికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఇంగ్లీషు ఉత్తరంలో కమిటీ, స్టాఫ్ లాంటి గుంపు మాట తగిలిందంటే, దాని పక్కన ‘ఈజ్’ పెట్టాలో ‘ఆర్’ పెట్టాలో తేల్చుకోవడానికి ఆ గుంపులో ప్రతి మనిషినీ కలిసి వచ్చేవారు. అందరిదీ ఒకే మాటయితే ఈజ్. తలో మాటా అయితే ఆర్. ఆఫీసంతా ఆయన్ని ‘ఇజ్జార్ మాస్టారు’ అనేది.

మేనేజరుకి మాత్రం ఆయన్ని చూస్తే తల పట్టుకోవాలనిపించేది. ఆదివారాలు కూడా పనిచేయడానికి స్టాఫ్ సిద్ధమేనని పైఆఫీసుకి రెండు ముక్కలు రాయమంటే, మాస్టారు స్టోర్సు గది నుంచి గేటు దాకా తిరిగొచ్చారు.

“‘ఆర్ నాట్’ సార్,” అన్నారు తాపీగా. “డ్రైవరు తల్లి మంచం మీద ఉంది. ఆవిణ్ణి చూసుకోవడానికి అతనికి ఆదివారమే తీరుతుంది.”

“నేనడిగింది ఉత్తరం, మాస్టారూ!”

“రాస్తానండీ. ‘ఆర్ నాట్’ అనే రాయమంటారా?”

ఆదివారాల ముచ్చట అంతటితో అటకెక్కింది.

ఆ తర్వాత టెలిఫోను ఆపరేటరమ్మ ఉద్యోగానికి ఎసరొచ్చింది. లైను కలిపే ముందు అవతలివాళ్ల యోగక్షేమాలన్నీ అడుగుతుందని ఫిర్యాదు. అయిదుగురి కమిటీ కూర్చుంది. అయిదు తలలూ ఊగాయి. అందులో మేనేజరుదీ ఒకటి. ఆవిడ జీతం మీదే ఇల్లంతా నడుస్తుందని తెలిసి అతనికి ఆ పూట అన్నం సయించలేదు.

“ఆవిణ్ణి తీసేయాలని కమిటీ నిర్ణయించింది. సాయంత్రానికి ఉత్తరం కావాలి,” అన్నాడు.

మాస్టారు వెళ్లారు, నలుగురినీ కలిశారు, తిరిగొచ్చి ఎదురుగా నిలబడ్డారు. “ఇక మీరే మిగిలారు సార్. మీకు తీసేయాలనుందా?”

“నాకా? అందరూ తలూపారని నేనూ ఊపాను.”

“ఆ నలుగురూ అదే అన్నారండీ. తీసేయాలన్న కమిటీ నాకెక్కడా దొరకలేదు. కర్త లేకుండా వాక్యం ఎలా రాయను?”

మేనేజరు గుండెల మీంచి బరువు దిగింది. “అయితే ఆ ఉత్తరం వదిలేయండి. కొత్త ఫ్యాన్లు పంపినందుకు కమిటీ సంతోషిస్తోందని పైఆఫీసుకి రాయండి, చాలు.”

మాస్టారు నిలుచున్నపాటున రాసి ఇచ్చేశారు. మేనేజరు కాగితం కేసి ఎగాదిగా చూశాడు.

“ఈజ్ అని పెట్టేశారే! ఎవర్నీ అడగలేదేం?”

“ఫ్యాన్ల వల్ల ఎవరికీ నష్టం లేదు కదండీ.”

మేనేజరుకి ఆయన్ని కావలించుకోవాలనిపించింది. “అంటే, ఇన్నాళ్లూ మీరు...”

“గ్రామరు సార్,” అన్నారు మాస్టారు, కలానికి మూత పెడుతూ. “నా చేతుల్లో ఏముంది?”