ఎలీసమ్మ నూరిన లోహపు పొడి

ఆరేళ్లుగా గుంటూరులో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో లోహాలు నూరుతున్నది ఎలీసమ్మే. రిజిస్టరులో మాత్రం ఆమె పని ‘ఊడ్చుట’. ల్యాబ్ అటెండరు పోస్టు రెండుసార్లు ఖాళీ అయింది. రెండుసార్లూ ఆమె దరఖాస్తు గుమాస్తా బల్ల దాటలేదు. మాలపల్లె మనిషికి ల్యాబు తాళాలా అని ఆఫీసువాళ్లు నవ్వారు. ఆమె విననట్టే వెళ్లి కల్వం ముందు కూర్చుంది.

లెక్చరరు జ్ఞానప్రసూనాంబగారి తాపత్రయమంతా ఆ పొడి మీదే. నేల నీళ్లు పీల్చినట్టు హైడ్రోజన్ వాయువును పీల్చి దాచుకునే పొడి అది. లాంథనమ్, నికెల్ కలిపి కరిగించిన గడ్డలను ఎలీసమ్మ నూరుతుంది. ఉక్కు గొట్టంలో పోసి గ్యాసు వదిలితే, పొడి పీల్చినకొద్దీ మీటరు ముల్లు దిగాలి. 1986 ఎండాకాలంలో ఆ ముల్లు దిగడం మానేసింది.

“మూడుసార్లయింది ఎలీసమ్మా! గాలి తగిలితే పైన పొర కట్టి ఇక పీల్చదు. మనం వెంటనే మూత పెడుతున్నాంగా? ఈసారీ ఇంతే అయితే ప్రాజెక్టు మూసేస్తారు. నీ పోస్టు మాట నేనింక ఎత్తలేను” అన్నారావిడ.

ప్రత్తిపాడులో కారం దంచి పెరిగిన చెయ్యి ఎలీసమ్మది. వేడి కారం డబ్బాకెత్తితే రంగు చెడుతుంది, ఆరబొయ్యాలి. ఆ ఏటి ఎండలకు లోహప్పొడి చేతికి వెచ్చగా తగిలేసరికి దాన్నీ ఆరబోసింది. చెబితే పోస్టు మీద ఆశ పోతుంది. చెప్పకపోతే ఆవిడ చదువే తప్పనుకుంటారు.

“తప్పు నాదేనండి అమ్మగారూ. కారంలాగా కాగితం మీద పోసి ఫ్యాను కింద చల్లార్చానండి.”

“ఎంతసేపే?”

“గంటసేపండి.”

“ఓసి నీ కారం బంగారం కానూ! నా మీటరుకి పచ్చడి పెట్టావుటే!” అని తల పట్టుకుని, ఆవిడే ఫక్కున నవ్వేశారు.

ఆ నవ్వుతో ఎలీసమ్మకు ధైర్యం వచ్చింది. “దంచేటప్పుడు ఘాటు లేవకుండా మేం చుక్క నూనె వేస్తామండి. గాలి తగలకుండా దీన్నీ ఏదన్నా తడిలో నూరకూడదాండి?”

నూనె అయితే పట్టుకుని వదలదు. ఆవిడ ఆలోచించి, తేలిగ్గా ఆవిరైపోయే టోలీన్ సీసా తెచ్చారు. ఎలీసమ్మ ఆ ద్రవంలో ముంచే నూరింది, తడిపొడినే గొట్టంలో పోసింది. పంపు పెట్టి టోలీన్‌ను లాగేశాక గ్యాసు వదిలారు.

“దిగుతోందండీ అమ్మగారూ!”

“ఉండవే, కళ్లజోడు పెట్టుకోనీ!”

అంతకు ముందెన్నడూ దిగనంత కిందికి దిగింది. ఈ ప్రయోగం మీద రాసిన వ్యాసంలో ఆవిడ ఎలీసమ్మ పేరు రాశారు. అటెండరు పోస్టు మళ్లీ ఖాళీ అయింది, ఇంటర్వ్యూ వచ్చే నెలలో. రిజిస్టరు చూపి, ఎలీసమ్మకు ల్యాబు అనుభవం లేదని ఆఫీసు అప్పుడే నోటు పెట్టింది!

చదివి ఊరుకోకండి. ఆ పోస్టు ఎలీసమ్మకే ఇవ్వాలని ఒక్క కార్డు మా పత్రికకు రాయండి. కార్డులన్నీ పట్టుకెళ్లి కాలేజీ కమిటీ బల్ల మీద మేమే పెడతాం.