కదిలిపోయిన ఫోటోలు

పక్కింటి అంకుల్ మంగళవారం ఉదయం పోయారు. ఆసుపత్రి నుంచి ఆంటీ ఫోన్ చేసి, "అయిపోయిందమ్మా" అని పెట్టేశారు.

ఎనభైల చివర మేం సిడ్నీలో ఈ వీధికి వచ్చేనాటికి అంకుల్ ఫోటో ల్యాబులో పనిచేసేవారు. తెనాలి వైపు మనిషి. ఏ కాగితాన్నైనా అంచులతోనే పట్టుకునేవారు, చివరికి కరెంటు బిల్లును కూడా.

మూడేళ్లు నిండకుండానే మా పాపకు మెదడువాపు జ్వరం వచ్చింది. రెండు రోజుల్లో పోయింది. తర్వాత ఫోటోల కోసం ఇల్లంతా వెతికాను. ఒక్క క్షణం నిలబడే పిల్ల కాదు, ఫోటోలన్నీ కదిలిపోయేవి. బాగా రాలేదని నేనే చెత్తలో వేసేశాను. స్పష్టంగా ఉన్నది ఒక్కటే. శవపేటికలో ఉండగా మా మరిది తీసింది.

దాన్ని అంకుల్‌కిచ్చి పెద్దది చేయమన్నాను. ఆయన చాలాసేపు చూశారు.

"చేస్తానమ్మా. పాత నెగెటివ్‌లు ఉన్నయ్యా?"

"ఉన్నాయి గానీ అన్నీ బ్లర్ అంకుల్. అందులో ఏం లేదు."

"తెచ్చివ్వమ్మా."

ఆ ఆదివారం చర్చి మానుకుని ల్యాబుకు వెళ్లారు. సాయంత్రం పదకొండు ఫోటోలు తెచ్చారు. ఒకదాంట్లో తలుపు దగ్గర ఎర్రగౌను మరకలా ఉంది. ఒకదాంట్లో సగం చెవి, నా వేలు. ఇంకోదాంట్లో పరుగెత్తే కాళ్లు మాత్రమే.

"మొహం ఏదీ?" అని అరిచాను.

అంకుల్ నొచ్చుకోలేదు. "పిల్ల పరిగెత్తిందమ్మా. పరిగెత్తినట్టే ఫోటోలో పడింది. నువ్విచ్చిన దాంట్లో కదలట్లేదు, అందుకే బాగా వచ్చింది. అదొక్కటే దాచుకుంటే ఎట్లాగ?" అన్నారు.

ఆరోజు నాకు ఊరట కలగలేదు. మర్నాడు మా ఆయన ఆ కాళ్ల ఫోటో ముందు కూర్చుని, "చూశావా, ఒక కాలికే సాక్సు ఉంది. రెండోది ఎప్పుడూ లాగి పారేసేది" అన్నారు. పాప పోయాక మా ఆయన ఏడవడం అప్పుడే చూశాను. శవపేటిక ఫోటో సంగతి నేను మళ్లీ ఎత్తలేదు. అంకుల్ కూడా అడగలేదు.

ఆయనకు ఊపిరితిత్తుల జబ్బని తెలిశాక కూడా కృతజ్ఞత చెప్పడం వాయిదా వేస్తూ వచ్చాను. తీరా వెళ్లిన రోజుకు ఆయనకు స్పృహ లేదు. చెప్పాను. విన్నారో లేదో తెలియదు.

సమాధి కార్యక్రమం ముగిశాక ఆంటీని ఇంటికి తీసుకొచ్చాను. పెరట్లో, ఆసుపత్రికి వెళ్లేముందు ఆరేసిన అంకుల్ చొక్కాలు రెండు తీగ మీద గాలికి కదులుతూ అలాగే ఉన్నాయి. తీసి మడత పెడదామని వెళ్లబోయాను. ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆపారు. మడతకుర్చీ ఈడ్చుకొచ్చి, వాటికి ఎదురుగా వేసుకుని కూర్చున్నారు.